ఇల్లంటే అమ్మ ఒక్కతేనా?

పిల్లాడు కాస్త పెంకితనం చేస్తే చాలు, మనవాళ్ల దగ్గర తీర్పు తయారుగా ఉంటుంది. "తల్లి ఉద్యోగానికి పోతుంది, వాడు డే కేర్‌లో పెరుగుతున్నాడు, ఇంకెలా ఉంటాడు?" అనేస్తారు. ఆ తీర్పు చెప్పేది చాలాసార్లు ఆడవాళ్లే కావడం నా బాధ.

తండ్రి కూడా ఉద్యోగానికే పోతాడు. ఆయన్నెవరూ ఏమీ అనరు. సాయంత్రం వచ్చి ఓసారి బుగ్గ గిల్లితే, "ఎంత ముద్దు చేస్తాడో!" అని మురిసిపోతాం కూడాను.

ఈ సంగతి తేల్చుకోవాలనే అమెరికాలో 1991లో పుట్టిన పదమూడు వందల పైచిలుకు పిల్లల్ని ఏళ్ల తరబడి పరిశీలించారు. శ్రద్ధగా చూసేచోట పెరిగిన పిల్లలకి మాటలూ, తెలివీ కొంచెం మెరుగ్గా వచ్చాయి. మరీ ఎక్కువ గంటలు బయట గడిపినవాళ్లలో అల్లరి కొంచెం హెచ్చుగా కనిపించింది. రెండూ కొంచెమే. అంతకన్నా గట్టిగా పనిచేసింది ఇల్లు.

"చూశారా, మేం చెప్పలే?" అని అప్పుడే లేవకండి! అచ్చంగా తల్లి చేతుల్లోనే పెరిగిన పిల్లలకీ, ఇతరుల దగ్గర కూడా పెరిగినవాళ్లకీ ఎదుగుదలలో చెప్పుకోదగ్గ తేడా లేదని కూడా ఆ పరిశీలనలోనే తేలింది మరి.

పసివాడు కాకిని చూపించి "అదేంటీ?" అంటే, విసుక్కోకుండా బదులు పలికే మనిషి కావాలి. ఆ మనిషి అమ్మే కానక్కర్లేదు. నాన్న కావచ్చు, బామ్మ కావచ్చు, ఆయా కావచ్చు. అమ్మ ఇంట్లోనే ఉండి, సెల్‌ఫోన్ చూపిస్తూ ముద్దలు కూరితే ఆ బదులు వాడికి దొరకదు. పదిహేనుమంది పసివాళ్లని ఒక్క ఆయా మీద వదిలేసినా దొరకదు. చేర్పించేటప్పుడు ఏసీ ఉందా, కెమెరాలున్నాయా అని అడుగుతాం. ఒక్కో ఆయాకి ఎంతమంది పిల్లలు, ఆవిడకి జీతమెంత అని అడుగుతున్నామా?

చట్టమూ మనలాంటిదే. 2017లో ప్రసూతి చట్టాన్ని సవరించి, 50 మంది గాని అంతకు మించి గాని పనిచేసే చోట క్రెష్ ఉండాలన్నారు. రోజుకి నాలుగుసార్లు వెళ్లి బిడ్డను చూసుకోవచ్చన్నారు. సంతోషమే. కాని ఆ వీలు తల్లికి మాత్రమే! నాలుగింట ఒక్కసారైనా తండ్రి కాళ్లు అటు నడవవని చట్టం ముందే నిశ్చయించుకుంది కాబోలు.

ఇంటి వాతావరణమే పిల్లల్ని దిద్దుతుందంటారు కదా, మరి మగపిల్లలకి మనం ఇస్తున్న వాతావరణం ఏమిటి? చంటిది ఏడిస్తే ఆడపిల్లని లేపుతాం, వాణ్ణి పడుకోనిస్తాం. పాతికేళ్లు పోయాక వాడూ తండ్రవుతాడు. అప్పుడూ పడుకునే ఉంటాడు. నింద మాత్రం కోడలి మీద పడుతుంది. వేసేది ఎవరో కాదు, మనమే.