మూత్రపిండ వ్యాధి - మన కర్తవ్యం

"ఆరోగ్యమే మహాభాగ్యం" అన్న పెద్దల మాట మనకు వ్యాధి సోకిన పిమ్మటనే గుర్తుకు వస్తుంది. "కిడ్నీలు పోయాయట" అన్న ఒక్క మాటతో కుటుంబమంతా ఆశ వదులుకోవడం మన కోనసీమ గ్రామాలలోనూ వింటున్నాము. తొలి పరీక్షతోనే ఆ మాట అనడం తప్పని నా అభిప్రాయం. మూడు మాసాలకు పైగా లోపం నిలిచి ఉన్నప్పుడే వైద్యులు దీనిని దీర్ఘవ్యాధిగా నిర్ణయిస్తారు.

ఈ వ్యాధికి ఐదు దశలు కలవు. మూత్రపిండాల వడపోత నిమిషానికి 15 మిల్లీలీటర్లకు లోపు పడిపోతే అది ఐదవ దశ. డయాలసిస్ గాని, మూత్రపిండ మార్పిడి గాని సాధారణంగా అప్పుడే అవసరమవుతుంది. మూడవ దశలో ఉన్నవారిలో అత్యధికులు అంతవరకు పోరు. వారికి అంతకంటె గుండెజబ్బు ముప్పే ఎక్కువ. రక్తపోటు, మధుమేహం అదుపులో ఉంచుకొని, ఉప్పు తగ్గించి, పొగాకును, ఇష్టానుసారం మ్రింగే నొప్పిమాత్రలను మానినవారు అనేక సంవత్సరాలు తమ పనులు తాము చేసుకోగలరు.

అయితే తొలిదశలలో ఈ వ్యాధి బాధ తెలియనీయదు. శ్రీకాకుళం జిల్లాలోని ఉద్దానం మనవలెనే కొబ్బరితోటల సీమ. అక్కడ కవిటి, సోంపేట ప్రాంతాలలో మధుమేహం లేని రైతులు, కూలీలు సైతం దీని పాలబడ్డారు. కారణం నేటికీ తేలలేదు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి, పరిశోధన కేంద్రం ప్రారంభం కావడం హర్షణీయమే. కాని వ్యాధి ముదిరిన పిమ్మట ఏ ఆసుపత్రియైనా పోయిన శక్తిని తిరిగి ఇవ్వలేదు.

మన ఆచారాలలోనూ వివేకం అవసరం. మూత్రానికి మంచిదని కొబ్బరినీళ్ళు త్రాగిస్తాము. వ్యాధి ముదిరినవారికి అందలి పొటాషియం గుండెకే ప్రమాదం. రంజాన్ మాసంలో రోగికి పవిత్ర ఖుర్ఆనే సడలింపు ఇచ్చింది. వైద్యుడు వద్దన్నప్పుడు రోజా మానడం విశ్వాసలోపం కానేకాదు.

కళాశాల కమిటీ పెద్దలకు నాదొక మనవి. ఏటా ఒకనాడు విద్యార్థుల తల్లిదండ్రులకు రక్తపోటు, మూత్రంలో ఆల్బుమిన్, రక్తంలో క్రియాటినిన్ పరీక్షలు జరిపించండి. ఇంటిల్లిపాదికీ వండిపెట్టే తల్లులు తమకై ఆసుపత్రి గడప త్రొక్కడం అరుదు. విద్యార్థులారా! వారిని మీరే వెంటబెట్టుకొని రండి. ఆ కాగితం చదివి, అందులో ఏమున్నదో వారికి తెలుగులోనో, ఉర్దూలోనో విడమరచి చెప్పండి. మీ చదువుకు అంతకు మించిన సార్థక్యం ఏమున్నది?