చేతికి నప్పిందే కొనండి

"చేతులు నొప్పులంటావు, మళ్లీ ఆ వీడియో గేమెందుకు?" ఏళ్ల తరబడి కీళ్లనొప్పులతో వేగే ఇల్లాలు పనులన్నీ అయ్యాక ఓ అరగంట పిల్లల పక్కన ఆటకు కూర్చుంటే తరచూ వినబడే మాట ఇది. అవే చేతులతో చపాతీ పిండి కలిపినప్పుడు, దుప్పట్లు పిండినప్పుడు మాత్రం ఆ నొప్పి ఎవరికీ గుర్తు రాదు! చాకిరీకి పనికొచ్చిన చేతులు ఆటకు పనికిరాకుండా పోతాయా?

రుమటాయిడ్ ఆర్థరైటిస్ మగవాళ్లకంటే ఆడవాళ్లలో రెండు మూడు రెట్లు ఎక్కువ. మణికట్టులో నరం నొక్కుకుపోయే కార్పల్ టన్నెల్ బాధా మనకే ఎక్కువ. పసిబిడ్డను పదే పదే ఎత్తుకునే తల్లులకు బొటనవేలి మొదట్లో వచ్చే పోటు సంగతి చెప్పనే అక్కర్లేదు. గేమ్ కంట్రోలర్ భారమంతా పడేది ఆ బొటనవేళ్ల మీదా, మణికట్ల మీదే.

గాజులు చేతికి వేసి చూడకుండా కొంటామా? కంట్రోలరూ అంతే. కొనేముందు పది నిమిషాలు పట్టుకుని చూడండి. బిగించి పట్టుకోకపోయినా చేతిలో నిలుస్తోందా? వేలు సాగదీయకుండా బటన్లు అందుతున్నాయా? వెనక ట్రిగ్గర్లు తేలిగ్గా దిగుతున్నాయా? బరువూ చూసుకోవాలి. ప్లేస్టేషన్ 5 కంట్రోలర్ సుమారు 280 గ్రాములు, అంటే పావుకిలో పైమాటే. ఒళ్లో దిండు పెట్టుకుని చేతులు ఆనిస్తే ఆ బరువు తెలియదు. నింటెండో స్విచ్ కంట్రోలర్ రెండు ముక్కలుగా విడివడుతుంది. చేతికొకటి పట్టుకుని, చేతులు ఇరుపక్కలా వాల్చి ఆడుకోవచ్చు. కానీ దాని బటన్లు చిన్నవి. వేళ్లు బిగుసుకుపోయేవారికి ఇబ్బందే.

పట్టుకోవడమే కష్టమైతే వేరే రకాలున్నాయి. మైక్రోసాఫ్ట్ 2018లో తెచ్చిన ఎక్స్‌బాక్స్ అడాప్టివ్ కంట్రోలర్‌కు రెండు పెద్ద బటన్లుంటాయి. అరచేత్తో, మోచేత్తో, కాలితోనైనా నొక్కవచ్చు. సోనీ 2023లో తెచ్చిన యాక్సెస్ కంట్రోలర్ బల్లమీద పరిచి ఆడేది. వీటి ధర మామూలు వాటికంటే ఎక్కువే.

అందుకే ముందు ఇంట్లో ఉన్నదాన్నే మీకు అనువుగా మార్చుకోండి. సెట్టింగ్స్‌లో అదురు ఆపేయవచ్చు. నొప్పి పుట్టించే బటన్ పనిని మరో బటన్‌కు అప్పగించవచ్చు. ఎక్స్‌బాక్స్‌లో రెండు కంట్రోలర్లను కలిపి ఒకటిగా వాడే వీలుంది. మీరు నడిపిస్తుంటే పిల్లాడు దూకిస్తాడు!

ఏ కంట్రోలరూ నొప్పిని నయం చేయదు. నొప్పి ముదరకముందే ఆట ఆపండి. తిమ్మిర్లు, వాపు ఉంటే డాక్టరుకు చూపించండి. అంతేకానీ, నొప్పుందని సరదాలన్నీ అటకెక్కించనక్కర్లేదు. పళ్లబిగువున ఓర్చుకోవడమే ఆడదాని గొప్ప అని మనకు నూరిపోశారు. వస్తువుకు తగ్గట్టు చేతిని వంచుకుంది చాలు. ఇకనైనా చేతికి తగ్గ వస్తువును అడిగి తీసుకుందాం.