కులం గడి లేని నివేదిక

తెలుగులో పీహెచ్‌డీ చేసి, పాఠాలు చెప్పుకుంటూ మళ్లీ ఈ దూరవిద్య పీజీ ఎందుకని అడుగుతున్నారు. పనిచేసే చోట సుస్థిరత దాని సబ్జెక్టు.

మొదటి అసైన్‌మెంట్‌లో మన కార్యాలయం మీదే నివేదిక రాయమన్నారు. కరెంటు బిల్లు, ట్యాంకు నీళ్లు, కాగితం, చెత్త తూకం అన్నీ నింపాను. ఆ చెత్త ఎత్తేదెవరో రాయడానికి గడి లేదు. మా కాలేజీ మరుగుదొడ్లు కడిగే అక్కను అడిగాను. గ్లౌజులు ఎప్పుడో చిరిగాయట. జీతం ఎప్పుడొస్తుందో కాంట్రాక్టరుకే తెలియాలి. ఆమెకు ముందు ఈ పని వాళ్లత్తది. మా పేటలాంటి పేట నుంచే వస్తుంది.

మొదటి వెయ్యి లిస్టెడ్ కంపెనీలు సుస్థిరత నివేదిక ఇవ్వడాన్ని 2022-23 నుంచి సెబీ తప్పనిసరి చేసింది. అందులో మహిళలెందరో, వికలాంగులెందరో, పర్మినెంటు ఎందరో చెప్పాలి. ఏ కులంవాళ్లు ఏ పనిలో ఉన్నారో చెప్పక్కర్లేదు.

రక్షణ లేకుండా మనిషిని మురుగులోకి దించడాన్ని 2013 చట్టం నిషేధించింది. పదేళ్లకు, 2023 అక్టోబరులో, ఆ చావులకు పరిహారాన్ని సుప్రీంకోర్టు 10 లక్షల నుంచి 30 లక్షలకు పెంచాల్సి వచ్చింది. చావులు ఆగి ఉంటే ఆ తీర్పు అవసరం ఏముంది?

రాబోయే తరాలకు లోటు చేయొద్దని 1987లో బ్రంట్‌లాండ్ నివేదిక చెప్పింది. మన పేటల్లో తరం నుంచి తరానికి అందుతున్నది చీపురు.

కులం అడగడం తప్పంటారు. పని పంచేటప్పుడు లేని మొహమాటం లెక్క రాసేటప్పుడు ఎందుకు? నా నివేదికలో ఆ గడి నేనే గీశాను. మార్కులు పోతే పోనీ. మీరూ ఈ కోర్సుల్లో చేరండి, ఆ గడి గీయండి.

జై భీమ్.