శిశువు మడమ నుండి నాలుగు రక్తపు బొట్లు

ఉమ్మడి ఆదిలాబాదు జిల్లాలో వయసు మీరినవారికి గళగండము ఎరుగని వ్యాధి కాదు. ఉట్నూరు, ఆసిఫాబాదు ప్రాంతముల అడవిపల్లెల నుండి సంతకు వచ్చిన జనములో మెడ ముందు వాపుతో కనబడిన స్త్రీలను వారు చూచియే యుందురు. ప్రజారోగ్య శాఖ లెక్కలలో సైతము ఈ జిల్లా చిరకాలముగా గళగండపీడిత ప్రాంతముగనే నమోదై యున్నది. కొండవాలులపై యుగములుగా కురిసిన వానలు నేలలోని అయోడిను లవణములను కడిగివేయగా, ఆ నేలపై పండిన జొన్నలోను, ఆ బావులలోని నీటిలోను ఆ మూలకము కొరవడి, మెడలోని థైరాయిడు గ్రంథి దొరకని దానికొరకు పాటుపడి పాటుపడి వాచిపోవును. మెడవాపు కంటికి కనబడు కీడు మాత్రమే. అంతకు మించిన కీడు గర్భములో, ఎవరికిని కనబడకుండ జరుగును: తల్లి రక్తమున థైరాయిడు స్రావము చాలనప్పుడు గర్భస్థ శిశువు మెదడులోని కణములు తమతమ స్థానములకు చేరుటయు, ఒకదానితో నొకటి ముడివడుటయు కుంటువడును. అయోడిను తీవ్రముగా లోపించిన ప్రాంతముల పిల్లలకును, లోపింపని ప్రాంతముల పిల్లలకును ప్రజ్ఞాలబ్ధిలో సగటున 12, 13 పాయింట్ల అంతరము కలదని, పెక్కు పరిశోధనలను ఒకచోట కూర్చి చూచిన శాస్త్రజ్ఞులు తేల్చిరి.

ఈ దేశములో ఆ కీడును మాన్పు మార్గమును నిరూపించి చూపినవారిలో అగ్రగణ్యుడు మన తెలుగువాడే. 1921లో శ్రీకాకుళమున జన్మించి, విశాఖపట్టణములో వైద్యవిద్య ముగించి, తరువాతి కాలమున ఢిల్లీలోని అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థకు సంచాలకుడైన డాక్టరు వులిమిరి రామలింగస్వామి, 1956 నుండి హిమాలయ ప్రాంతమగు కాంగ్రా లోయలో, తన సహచరులతో గూడి, కొన్ని భాగములకు అయోడిను కలిపిన ఉప్పును, ఒక భాగమునకు మామూలు ఉప్పును పంచిపెట్టించి, యేండ్ల తరబడి బడిపిల్లల మెడలను పరీక్షించుచు వచ్చెను. అయోడిను ఉప్పు తిన్న పల్లెలలో గళగండము తగ్గుముఖము పట్టినది. 1962లో కేంద్ర ప్రభుత్వము జాతీయ గళగండ నియంత్రణ కార్యక్రమమును ఆరంభించినది. కాంగ్రాలో ఏ తల్లిదండ్రుల జన్యువులును మారలేదు, మారినది ఉప్పొక్కటే.

ఈ సంగతి తెలిసి అర్ధశతాబ్దము దాటినను, మన మందమర్రి బొగ్గుగని కాలనీలలో బిడ్డకు మాటలు ఆలస్యమైనప్పుడు గాని, బడిలో కుదురుగా కూర్చుండనప్పుడు గాని, చుట్టుప్రక్కల వినవచ్చు తీర్పులు రెండే. "వాళ్ల తాత గూడ గిట్లనే ఉండె, రక్తంల ఉన్నది యాడికి పోతది?" అనునది మొదటిది. "తల్లి పెంపకం సక్కగ లేదు" అనునది రెండవది. మొదటి తీర్పు వినిన తండ్రి వైద్యుని కడకు పోవుట మానుకొనును. రెండవ తీర్పు వినిన తల్లి నలుగురిలోనికి వచ్చుట మానుకొనును. రెండును బిడ్డకు హాని చేయునవే, రెండును శాస్త్రమునకు దూరమైనవే. జన్యువు మార్పరాని తలవ్రాత కాదనియు, పరిసరమనగా తల్లి ఒక్కతెయే కాదనియు స్పష్టముగా చెప్పవలసిన కాలము వచ్చినది.

జన్యువు మాట మొదట చూతము. 1934లో నార్వే దేశపు వైద్యుడు అస్బ్యోర్న్ ఫోలింగ్, మందబుద్ధులైన ఇద్దరు తోబుట్టువుల మూత్రమును పరీక్షించి, ఫినైల్‌కీటోన్యూరియా అను వంశానుగత రుగ్మతను కనుగొనెను. ఆహారములోని ఫినైల్‌ఎలనిన్ అను పదార్థమును వేరొక పదార్థముగా మార్చు ఎంజైము ఆ పిల్లలలో సరిగా పనిచేయదు; పేరుకొనిన ఆ పదార్థమే మెదడును చెరచును. ఇంతకన్న సంపూర్ణముగా జన్యుసంబంధమైన రుగ్మతను చూపుట కష్టము. ఐనను 1953లో ఇంగ్లండులో హార్స్ట్ బికెల్ మొదలగువారు ఆ పదార్థమును మితముగా ఉంచిన ఆహారము నిచ్చి బిడ్డ స్థితి మెరుగుపడుటను చూపిరి. పుట్టిన కొలది దినములలోనే గుర్తించి ఆ ఆహారనియమము నారంభించినచో బిడ్డ అందరివలె చదువుకొని, అందరివలె జీవించును. దోషము నూటికి నూరుపాళ్లు జన్యువులోనిది, చికిత్స నూటికి నూరుపాళ్లు కంచములోనిది.

మన ప్రాంతమునకు ఇంకను దగ్గరి ఉదాహరణము పుట్టుకతోనే థైరాయిడు మాంద్యము కల శిశువు. ఇందు కొంత భాగము గ్రంథి సరిగా ఏర్పడకపోవుట వలనను, కొంత భాగము తల్లిదండ్రులిరువురి నుండి వచ్చిన జన్యుదోషము వలనను కలుగును. ఇట్టి శిశువు పుట్టినప్పుడు ముద్దుగా, నెమ్మదిగా, పెద్దగా ఏడ్వకుండ, ఎక్కువగా నిద్రించుచు ఉండును గనుక "మంచి పిల్ల, సతాయించదు" అని ఇంటివారు మురిసికొందురు. లక్షణములు బయటపడునప్పటికి మెదడుకు జరుగవలసిన నష్టము చాలవరకు జరిగిపోవును. అదే, పుట్టిన రెండు మూడు దినములకు మడమపై సూదితో పొడిచి, నాలుగు రక్తపు బొట్లను దళసరి కాగితముపై అద్ది పరీక్షించి, రెండు వారములలోపల థైరాక్సిను మాత్రను నూరి పాలతో పట్టనారంభించినచో ఆ బిడ్డ సామాన్యముగా ఎదుగును. హైదరాబాదు ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రులలో సుమారు 18,300 మంది నవజాత శిశువులను ఈ రీతిగా పరీక్షించి డాక్టరు రాధా రమాదేవి, నౌషాద్ 2004లో ప్రకటించిన ఫలితములలో థైరాయిడు మాంద్యము 1,700 మందికి ఒకరిలో కనబడినది. పెక్కు దేశములతో పోల్చినచో ఇది అధికమే.

ఇచ్చట మేనరికము మాట ఎత్తక తప్పదు. పిల్లల వైద్యుడు కాగితముపై మొదట వ్రాసికొను ప్రశ్నలలో అదియు నొకటి. "మా అక్క బిడ్డనే చేసుకున్న సారూ" అని జవాబిచ్చు తండ్రులు మన జిల్లాలో అరుదు కారు. మేనమామ మేనకోడలిని పెండ్లాడినప్పుడు పుట్టిన బిడ్డలో ఎనిమిదింట ఒక పాలు, మేనబావ మరదలిని పెండ్లాడినప్పుడు పదునారింట ఒక పాలు, ఉభయ పక్షముల నుండి ఒకే పూర్వీకుని జన్యు ప్రతులే జంటగా వచ్చి కూడు అవకాశము కలదు. ఒంటరిగా నున్నప్పుడు హాని చేయని దోషము జంటపడినప్పుడు రోగమగును. ఐనను భయపెట్టుట నా ఉద్దేశము కాదు. సాధారణ దంపతుల బిడ్డలలో పుట్టుకతో వచ్చు తీవ్రలోపములు నూటికి రెండు మూడు కాగా, మేనబావ మరదళ్ల బిడ్డలలో అది సుమారు రెట్టింపు. అనగా అత్యధికుల బిడ్డలు ఆరోగ్యవంతులే. 1955 నాటి హిందూ వివాహ చట్టమే ఆచారమున్న చోట ఈ వివాహములను అంగీకరించినది. ఆస్తి చెదరకుండుటకు, ఆడపిల్ల పరాయి యింట బాధపడకుండుటకు మన పెద్దలు పెట్టుకొనిన ఈ కట్టడిని ఎగతాళి చేయుటవలన ఎవరికిని మేలు లేదు. ఆ యింట ఇదివరకే వినికిడి లేని బిడ్డయో, బుద్ధి ఎదగని బిడ్డయో ఉన్నప్పుడు మాత్రము, పెండ్లి మాటలకు ముందుగా జన్యు వైద్యుని సలహా తీసికొనుట జాతకము చూపించుకొనుటకన్న అవసరమని గట్టిగా చెప్పవలెను.

జన్యుశాస్త్రము తల్లులకు చేసిన ఉపకారము గూడ ఒకటి కలదు. ఆటిజము గల బిడ్డకు ఆ స్థితి తల్లి ప్రేమరాహిత్యము వలన కలిగినదని అమెరికాలో కొందరు పండితులే ఒకప్పుడు వ్రాసి, వేలాది తల్లులను దోషులుగా నిలబెట్టిరి. 1977లో సూసన్ ఫోల్‌స్టెయిన్, మైకేల్ రటర్ కవలలపై జరిపిన పరిశీలనలో, ఒకే అండము నుండి పుట్టిన కవలలలో ఒకరికి ఆటిజమున్నప్పుడు రెండవవారికిని ఉండుట, వేర్వేరు అండముల కవలలలోకన్న మిక్కిలి హెచ్చుగా కనబడి, ఆ నింద పునాది కదలిపోయినది. గర్భిణిగా నున్నప్పుడు గ్రహణము చూచినదనియు, సెల్‌ఫోను బిడ్డ చేతి కిచ్చినదనియు కోడలిని నేటికిని కాల్చుకు తినుచున్న ఇండ్లలో ఈ సంగతి తెలియవలెను. మూడేండ్ల లోపు బిడ్డకు ఫోను అలవాటు చేయుట మంచిది కాదన్నది వేరు, అదియే ఆటిజమునకు మూలమనుట వేరు.

ఇక పరిసరము. నవజాత శిశువు మెదడు పెద్దవారి మెదడులో సుమారు మూడవ వంతు. రెండేండ్లు నిండునప్పటికి ఐదింట నాలుగు వంతులకు చేరును. ఇంత త్వరితముగా ఎదుగు అవయవమునకు కావలసిన ఇనుము, మాంసకృత్తులు, నిద్ర, మాట, స్పర్శ ఆ వ్యవధిలోనే అందవలెను. గనిలో పైకప్పు క్రొత్తగా బయటపడిన వెంటనే ఆధారము నిలబెట్టుట టింబర్‌మన్ ధర్మము. కప్పు దిగబడిన తరువాత ఎన్ని దుంగలు నిలిపినను మునుపటి బలము రాదని మందమర్రిలో ఎవరికిని చెప్పనక్కరలేదు. రుమేనియా రాజధాని బుకారెస్టులో 2000 నుండి అనాథాశ్రమములలోని 136 మంది పసిపిల్లలను అనుసరించిన శాస్త్రజ్ఞులు, పెంపుడు కుటుంబములకు చేరిన వారిలో, రెండేండ్లు నిండకముందు చేరిన బిడ్డలు ఆలస్యముగా చేరినవారికన్న బుద్ధివికాసమున చాల మెరుగుగా నుండుట గమనించిరి.

అంత దూరము పోనక్కరలేదు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 1987 నుండి 1990 వరకు నగర సమీపములోని 29 పల్లెలలో ఒక ప్రయోగము జరిపినది. 15 పల్లెలలో గర్భిణులకు, బాలింతలకు, ఆరేండ్ల లోపు పిల్లలకు అంగన్‌వాడీ పథకము క్రింద మొక్కజొన్న, సోయా పిండితో వండిన ఉప్మా పెట్టిరి. 14 పల్లెలకు ఆ పథకము అప్పటికింకను రాలేదు. అది విందు భోజనము కాదు. ఐనను యౌవనారంభమున చూడగా, ఆ ఉప్మా అందిన పల్లెల పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు పొడవుగా నుండిరి. ఆ వయసుననే దాదాపు ఒక తరగతి హెచ్చుగా చదివి యుండిరి. 2015 జనవరి 1 నుండి తెలంగాణలో ఆరోగ్యలక్ష్మి పేర అంగన్‌వాడీలో గర్భిణికి ప్రతిదినము ఒక పూట పూర్తి భోజనము, గ్రుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు ఇచ్చు ఏర్పాటు ఈ దృష్టితో చూచినచో దానము కాదు, మెదడు నిర్మాణమునకు సరంజామా. ఆ గ్రుడ్డును కొంగున కట్టుకొని ఇంటికి తెచ్చి పెద్ద పిల్లవానికి పెట్టు తల్లిని తప్పు పట్టలేము. అచ్చటనే కూర్చుండి తినవలెనన్న నియమము ఎందులకో ఆమెకు ఓపికగా చెప్పుట అంగన్‌వాడీ టీచరు పని.

బొగ్గు ఊరికి సంబంధించిన పొగ మాట విడిచిపెట్టుట న్యాయము కాదు. నిన్నమొన్నటి వరకు గని క్వార్టర్ల ముంగిట తెల్లవారుజామున ఇనుప కుంపటిలో పచ్చిబొగ్గు పేర్చి, కిరోసిను చల్లి, అంటించి, పసుపుపచ్చని దట్టమైన పొగ తగ్గినపిమ్మట లోపలికి మోసికొనిపోవుట నిత్యకృత్యము. వరుసగా ఇరువది గుమ్మముల యెదుట అట్లు అంటించినప్పుడు ఆ వీథి పొడవునా పొగమంచు క్రమ్మినట్లుండెడిది. గ్యాసు వచ్చిన తరువాతను నీళ్లు కాచుకొనుటకు ఆ కుంపటిని వదలనివారు కలరు. చైనాలో చుంగ్‌చింగ్ సమీపమున తుంగ్‌లియాంగ్ అను పట్టణమున బొగ్గుతో నడచిన విద్యుత్కేంద్రమును 2004లో మూసివేసిరి. కొలంబియా విశ్వవిద్యాలయపు శాస్త్రజ్ఞులు 2002లో పుట్టిన శిశువులను, 2005లో పుట్టిన శిశువులను పోల్చి చూచిరి. కేంద్రము నడచుచుండగా పుట్టినవారిలో, బొడ్డుత్రాటి రక్తమున బొగ్గుపొగ విషపదార్థముల జాడ హెచ్చుగా నున్న బిడ్డలకు రెండేండ్ల వయసున అవయవ చాలనము కొరతగా నుండగా, మూసిన తరువాత పుట్టినవారిలో ఆ జాడయే తగ్గినది, ఆ సంబంధమును కనబడలేదు. బొగ్గు మన అన్నము. దానిని నిందించుట నాకు తగదు. కాని గర్భిణి యున్న యింట కుంపటి రాజేయవద్దనుట, దుమ్ము లేచు రవాణా దారులపై నీళ్లు చల్లుట, పొగగొట్టముల వడపోతలను సరిగా నడపుట, ఇవన్నియు శిశు వికాసమునకు సంబంధించిన పనులే.

రాత్రి షిఫ్టు చేసి వచ్చిన తండ్రి పగలు నిద్రించు యింట బిడ్డను "సప్పుడు చెయ్యకు" అని అణచి యుంచుట గూడ నేను చూచుచున్నాను; త్రాగి వచ్చి అరచు యింటిలో ఇది మరింత. నిత్యము బెదరు బిడ్డ దేహములో ఒత్తిడి స్రావములు ఎడతెగక ఊరి, తరువాత అదే బిడ్డను బడిలో "మాట వినని పోరడు" అని పిలిపించును.

మా ఊళ్లలో కుటుంబములు కార్మికుని పనికి అనర్హునిగా తేల్చు మెడికల్ బోర్డు కొత్తగూడెములో ఎప్పుడు కూర్చుండునా, కొడుకునకు కారుణ్య నియామకము ఎప్పుడు వచ్చునా అని యేండ్ల తరబడి ఎదురుచూచును. ఆ ఆత్రుతను నేను గౌరవింతును. ఆ కొడుకు మెదడు తీర్చిదిద్దబడిన తొలి రెండేండ్లను గురించి మాత్రము యూనియను సభలలో ఎవరును మాటాడుట లేదు. రాష్ట్రమునకు 51 శాతము, కేంద్రమునకు 49 శాతము వాటాగల సింగరేణి సంస్థకు రామకృష్ణాపూరులో ఆసుపత్రి కలదు, వైద్యులు కలరు, సామాజిక బాధ్యత క్రింద నిధులు కలవు. మంచిర్యాలలో ప్రభుత్వ ఆసుపత్రియు, వైద్య కళాశాలయు ఉన్నవి. కేరళ ప్రభుత్వము తన ఆసుపత్రులలో పుట్టిన శిశువులకు మడమ పరీక్ష జరుపుచుండగా, మన బొగ్గుబెల్టులో పుట్టిన ప్రతి శిశువునకు, పర్మినెంటు కార్మికుని బిడ్డయైనను, కాంట్రాక్టు కార్మికుని బిడ్డయైనను, ఊరి బయట గుడిసెలోని గోండు తల్లి బిడ్డయైనను, ఇంటికి పంపుటకు ముందే థైరాయిడు పరీక్షయు, వినికిడి పరీక్షయు నియమముగా జరుగవలెను. ఫలితము వారములోపల తల్లి చేతి ఫోనుకు చేరవలెను. దోషము కనబడిన బిడ్డ మాత్ర ఆపకుండ వేసికొనునట్లు ఆశా కార్యకర్త నెలనెల వచ్చి చూడవలెను. రాబోవు వేతన ఒప్పందపు చర్చలలో కార్మిక సంఘములు తమ కోర్కెల పత్రమున దీనిని గూడ చేర్చవలెను.