గుర్తింపు పరీక్ష పగలు.. గండం రాత్రి
కాగితాలకే పరిమితమవుతున్న ఆసుపత్రుల అత్యవసర ప్రణాళికలు

ఏలూరు: నాణ్యతా పరిశీలక బృందం వస్తున్నదంటే చాలు, ప్రభుత్వ ఆసుపత్రుల్లో హడావుడి మొదలవుతుంది. గోడలకు రంగులు పడతాయి. సూచిక ఫలకాలు వెలుస్తాయి. విపత్తు నిర్వహణ ప్రణాళిక పేరిట ఓ దస్త్రం సిద్ధమవుతుంది. వార్డులో మంటలు లేచినా, వందల మంది రోగులు ఒక్కసారిగా తరలివచ్చినా ఆ దస్త్రం ఎంతవరకు అక్కరకొస్తుందన్నదే అసలు ప్రశ్న.

గుర్తింపు ఇలా..
ప్రభుత్వ ఆసుపత్రులకు ఎన్‌క్వాస్‌గా వ్యవహరించే జాతీయ నాణ్యతా హామీ ప్రమాణాలు 2013లో వచ్చాయి. ఆసుపత్రి స్వీయ మదింపు, రాష్ట్ర బృందం మదింపు, అనంతరం జాతీయ బృందం పరిశీలన జరుగుతాయి. మొత్తం మీద కనీసం 70 శాతం మార్కులు రావాలి. గుర్తింపు మూడేళ్లు చెల్లుతుంది. ఇందులో అత్యవసర సేవలు, విపత్తు నిర్వహణకు ప్రత్యేక ప్రమాణమే ఉంది. పరిశీలకులు రికార్డులతో సరిపెట్టరాదు. స్వయంగా చూడాలి, సిబ్బందిని ప్రశ్నించాలి, రోగులతో మాట్లాడాలి. ప్రైవేటు ఆసుపత్రులు ఎక్కువగా కోరుకునే ఎన్‌ఏబీహెచ్ గుర్తింపునకైతే ఏటా కనీసం రెండు మాక్ డ్రిల్స్ తప్పనిసరి. నిబంధనల్లో లోటు లేదు. ఆచరణలోనే ఉంది.

చీకటివేళే ముప్పు
2011 డిసెంబరు 9న కోల్‌కతా ఆమ్రి ఆసుపత్రిలో తెల్లవారుజామున మంటలు చెలరేగి సుమారు 90 మంది మరణించారు. 2020 ఆగస్టు 9 వేకువన విజయవాడలో కొవిడ్ కేంద్రంగా మార్చిన స్వర్ణ ప్యాలెస్ హోటల్‌లో 10 మంది బలయ్యారు. 2021 జనవరి 9న మహారాష్ట్రలోని భండారా జిల్లా ఆసుపత్రిలో అర్ధరాత్రి దాటాక 10 మంది శిశువులు కన్నుమూశారు. అదే ఏడాది మే 10 రాత్రి తిరుపతి రుయాలో ఆక్సిజన్ ఒత్తిడి పడిపోయి 11 మంది ప్రాణాలు కోల్పోయారు. ట్యాంకర్ రావడం ఆలస్యమైంది. 2024 నవంబరు 15 రాత్రి ఝాన్సీ వైద్య కళాశాల ఆసుపత్రిలో మరో 10 మంది శిశువులు అగ్నికి ఆహుతయ్యారు.

వీటిలో ఒక్కటీ ఓపీ నడిచే వేళ జరగలేదు. డ్రిల్స్ మాత్రం అధికారులంతా ఉండే పగటివేళలోనే జరుగుతుంటాయి. రాత్రి వార్డులో మిగిలేది ఒకరిద్దరు స్టాఫ్ నర్సులు, ఓ సహాయకుడు, గేటు వద్ద సెక్యూరిటీ గార్డు. వీరిలో పలువురు పొరుగుసేవల సిబ్బందే. ఏజెన్సీ మారితే మనుషులూ మారతారు. పాతవారికిచ్చిన శిక్షణ వారితోనే పోతుంది.

ప్రమాదం ఆసుపత్రిలోనే పుట్టనక్కరలేదు. 2020 మే 7 వేకువన విశాఖ ఎల్‌జీ పాలిమర్స్ నుంచి విషవాయువు వెలువడగా వందల మంది కింగ్ జార్జ్ ఆసుపత్రికి తరలారు. అదే ఏడాది డిసెంబరులో ఏలూరులో మూర్ఛతో పడిపోయిన బాధితుల సంఖ్య కొద్దిరోజుల్లోనే 500 దాటింది. ఎవరికి తక్షణ చికిత్స, ఎవరు కొంత ఆగగలరు అని వాకిలి వద్దే వేరుచేసే పద్ధతి అలవాటై ఉండాలని ఈ ఘటనలు హెచ్చరించాయి.

చేయవలసినవి..
రెండు డ్రిల్స్‌లో ఒకటైనా ముందస్తు సమాచారం లేకుండా రాత్రివేళ నిర్వహించాలి. విద్యుత్తును, ఆక్సిజన్ వాల్వును కట్టేసేదెవరు, శిశువులను ఎత్తుకెళ్లేదెవరు, అత్యవసర ద్వారం తాళం ఎవరి వద్ద ఉంది అన్నది ప్రతి షిఫ్టులో పేరుపేరునా తేల్చాలి. కొత్తగా చేరినవారికి మొదటి వారంలోనే శిక్షణ ఇవ్వాలి. ఆక్సిజన్ నిల్వ ఏ స్థాయికి తగ్గితే ఎవరికి ఫోన్ చేయాలో ముందే నిర్ణయించాలి. రోగులను తరలించేందుకు సమీప ఆసుపత్రులతో లిఖితపూర్వక అవగాహన అవసరం.

డ్రిల్‌లో బయటపడిన లోపాలను, సరిదిద్దిన తేదీలను ఆసుపత్రి అభివృద్ధి సంఘం సమావేశంలో చర్చకు పెట్టాలి. పరిశీలకుల ప్రశ్నకు సూపరింటెండెంట్ జవాబు చెప్పడం కష్టం కాదు. అర్ధరాత్రి విధుల్లో ఉన్న నర్సు, గార్డు కూడా అదే జవాబు చెప్పగలిగిన నాడే ఆ గుర్తింపు రోగికి రక్షణ అవుతుంది.