తెలుగు బడి చేసిన తప్పేమిటి?

మా లత్తేరి నుంచి కాట్పాడికో గుడియాత్తానికో రోజూ కాలేజీకి వెళ్లే పిల్లకు నెలకు 1,000 రూపాయలంటే చిన్న మొత్తం కాదు. రైలు పాసు, పుస్తకాలు అందులో గడుస్తాయి. తమిళనాడు ప్రభుత్వం 2022లో ఆడపిల్లలకు ‘పుదుమై పెణ్’, 2024లో మగపిల్లలకు ‘తమిళ్ పుదల్వన్’ పథకాలు పెట్టింది. ఆ ఏడే ఎయిడెడ్ బళ్లలో చదివిన ఆడపిల్లలకూ విస్తరించింది. మంచి పనే, కాదనను.

నా పేచీ ఒక్క షరతుతోనే. ఆరు నుంచి పన్నెండు దాకా ప్రభుత్వ బడిలో చదివితే చాలు. ఎయిడెడ్ బడి అయితే మాత్రం తమిళ మాధ్యమంలో చదివి ఉండాలట. మరి ఎయిడెడ్ బడిలో తెలుగు మాధ్యమంలో చదివిన పిల్ల దరఖాస్తులో ఏమని రాయాలి? ఆ పంతుళ్లకు జీతమిచ్చేదీ ఈ ప్రభుత్వమే, ఆ పిల్ల రాసిందీ ఈ ప్రభుత్వ పరీక్షే. పేదరికానికి కూడా మాధ్యమం ఉందా?

ఇంగ్లీషు మోజు తగ్గించడానికే అంటారా, సంతోషం. తెలుగు మాధ్యమం ఇంగ్లీషు మాధ్యమం కాదే! అమ్మభాషలో చదివిన తమిళ బిడ్డకు బహుమానమైతే, అమ్మభాషలో చదివిన మన బిడ్డకు జరిమానానా? రాజ్యాంగం 350ఎ అధికరణం భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక విద్య మాతృభాషలో అందేలా చూడమంటోంది. ఆ దారిన నడిచిన పిల్లను కాలేజీ గుమ్మం దగ్గర ఆపడం ఏం న్యాయం?

ఉగాదికి శాలువాలు కప్పుకునే మన సంఘాలు ఉర్దూ, కన్నడ, మలయాళం వారినీ కలుపుకొని మహజరు ఇవ్వాలి. ‘తమిళ మాధ్యమం’ పక్కన ‘అల్పసంఖ్యాక భాషా మాధ్యమం’ అని చేర్చమనాలి. అడగనిదే అమ్మయినా పెట్టదు.