మీట మెత్తనైతే ధైర్యం వస్తుందా?

చేతిసంచిలో దువ్వెన, అద్దం, పర్సు, సెల్ ఫోను... వాటి మధ్య ఒక చిన్న పిస్టలు! వినడానికి సినిమాలో మాటలా ఉంటుంది. కానీ మన ఇళ్లకు బొత్తిగా సంబంధం లేని విషయం కాదిది. నల్గొండ, సూర్యాపేట, మహబూబ్ నగర్, వనపర్తి... ఏ ఊరికి వెళ్లినా కూతురో కోడలో అమెరికాలో ఉన్న ఇళ్లు తగులుతూనే ఉంటాయి. టెక్సస్ లో ఉన్న బిడ్డ ఫోను చేసి "అమ్మా, ఇక్కడ చాలామంది దగ్గర ఉంటది, మేము గూడ ఒకటి తీసుకున్నం. కాకపోతే దాని ట్రిగ్గర్ గట్టిగుంది, మెత్తటిది వేయించుకుందామనుకుంటున్న" అంటే, ఇక్కడ తల్లి ఏం చెప్పాలి? తుపాకి సంగతి మనకేం తెలుసని ఊరుకోవాలా?

ఊరుకోవాల్సిన పని లేదు. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఆత్మరక్షణ కోసం వెంట పెట్టుకునే పిస్టలుకు ట్రిగ్గర్ మెత్తబరచడం మంచిది కాదు. ఎందుకంటున్నానో కాస్త ఓపిగ్గా చూద్దాం.

అసలీ మీట కథేమిటి?

పిస్టలు మీటను వేలితో వెనక్కి లాగితే తూటా పేలుతుంది. ఆ లాగడానికి ఎంత బలం కావాలో దాన్నే ట్రిగ్గర్ బరువు అంటారు. వెంట తీసుకెళ్లే చిన్న పిస్టళ్లకు ఇది సాధారణంగా రెండున్నర కిలోల అటూ ఇటూ ఉంటుంది. సుత్తిని బొటనవేలితో ఎత్తకుండా నేరుగా మీట లాగి కాల్చే రివాల్వర్లకు నాలుగున్నర, అయిదు కిలోలు కూడా ఉంటుంది. బజారులో వంద, రెండొందల డాలర్లకు దొరికే కొత్త ట్రిగ్గర్లు వేస్తే ఈ బరువు తగ్గుతుంది. మీట కదిలే దూరం కూడా తగ్గుతుంది.

కుట్టుమిషనుకు మోటారు బిగించుకున్న వాళ్లకు ఈ సంగతి బాగా తెలుసు. పెడలు మరీ మెత్తగా ఉంటే కాలు ఆనీ ఆనకముందే సూది పరుగెడుతుంది. గుడ్డ సర్దుతున్న వేలి మీదికి వస్తుంది. అలవాటైన టైలరుకు అది సుఖం, కొత్తగా నేర్చుకునే పిల్లకు ప్రమాదం. సూది వేలిలో దిగితే కట్టు కట్టుకుంటాం. తూటా సంగతి అలా కాదు గదా!

పైగా ఈ చిన్న పిస్టళ్లలో చాలావాటికి వేలితో వేసి తీసే సేఫ్టీ బటను విడిగా ఉండదు. మీటలోనే, లోపలి భాగాల్లోనే జాగ్రత్త ఇమిడి ఉంటుంది. అంటే ఆ రెండున్నర కిలోల బిగువు కంపెనీవాడి పిసినారితనం కాదు, అది కూడా ఒక తాళమే. ఆ తాళాన్ని మనమే వదులు చేసుకుంటే ఎట్లా?

వాళ్ల మాటలోనూ న్యాయముంది

మెత్తటి మీట కావాలనే వాళ్లను వెర్రివాళ్లని కొట్టిపారేయలేం. పిస్టలు బరువు అరకిలో నుంచి ముప్పావు కిలో. దాని మీటను లాగడానికి రెండున్నర కిలోల బలం! వస్తువు బరువుకు మూడు నుంచి అయిదు రెట్లు. అందుకే కొత్తవాళ్లు లాగేటప్పుడు పిస్టలు మొత్తం కదిలి గురి తప్పుతుంది. చిన్న చేతులున్న ఆడవాళ్లకు, కీళ్లనొప్పులున్న పెద్దవాళ్లకు ఈ ఇబ్బంది ఇంకా ఎక్కువ.

న్యూయార్కు పోలీసుల సంగతే చూడండి. పొరపాటున పేలకూడదని వాళ్ల పిస్టళ్లకు అయిదున్నర కిలోలకు దగ్గరగా ఉండే బరువు మీటలు పెట్టించారు. 2012 ఆగస్టు 24న ఎంపైర్ స్టేట్ భవనం దగ్గర ఒక హంతకుడి మీద ఇద్దరు పోలీసులు కాల్పులు జరిపితే, దారిన పోయే తొమ్మిది మందికి గాయాలయ్యాయి. అవన్నీ పోలీసుల తూటాలు, వాటి ముక్కలు తగిలి అయినవే. మీట అంత బరువైతే గురి ఎలా కుదురుతుందని అప్పట్లో పెద్ద చర్చే నడిచింది. కాబట్టి బరువు ఎంత ఎక్కువైతే అంత క్షేమం అనుకోవడమూ తప్పే.

మరి ఆటగాళ్ల మాటేమిటంటారా? మన హైదరాబాదు అమ్మాయి ఈషా సింగ్ 2023లో చైనాలోని హాంగ్జౌలో జరిగిన ఆసియా క్రీడల్లో పిస్టలు పోటీల్లో ఒక స్వర్ణం, మూడు రజతాలు తెచ్చింది. ఆ పోటీల నిబంధనల ప్రకారం 25 మీటర్ల పిస్టలుకు మీట బరువు కిలోకి తగ్గకూడదు. 10 మీటర్ల ఎయిర్ పిస్టలుకు అరకిలో ఉంటే చాలు. అంత మెత్తటి మీటతో వాళ్లు అద్భుతాలు చేస్తారు. కానీ అక్కడ ఎదురుగా ఉండేది కాగితం బొమ్మ, లేదా ఎలక్ట్రానిక్ గురి. పక్కన అధికారి ఉంటాడు. "లోడ్" అనేదాకా తూటా ఎక్కించరు. ఆ పిస్టలు చంకలో చంటిపిల్లతో, రెండో చేతిలో కూరగాయల సంచితో బస్సెక్కదు.

చేతిసంచి మైదానం కాదు

అసలు చిక్కంతా ఇక్కడే ఉంది. ఆత్మరక్షణ పిస్టలును కాల్చే క్షణాలు, వస్తే, జీవితంలో ఏ ఒక్కటో. దాన్ని మోసే గంటలు మాత్రం వేలు. మెత్తటి మీట ఆ ఒక్క క్షణానికి మేలు చేస్తుందేమో గానీ, ఈ వేల గంటలకు ముప్పు తెస్తుంది. సంచిలో తాళాల గుత్తి ఉంటుంది, పెన్ను ఉంటుంది, దువ్వెన పిడి ఉంటుంది. ఏది ఎప్పుడు మీట సందులో దూరుతుందో ఎవరు చెప్పగలరు?

2014 డిసెంబరు 30న అమెరికాలోని ఐడహో రాష్ట్రంలో జరిగింది తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. ఒక తల్లి పిల్లల్ని తీసుకుని పెద్ద దుకాణానికి సరుకులకు వెళ్లింది. ఆమె సంచిలో చిన్న పిస్టలుంది. లైసెన్సు ఉంది. ఆ సంచి కూడా పిస్టలు పెట్టుకోవడానికి ప్రత్యేకంగా జిప్పు అర కుట్టినదే. తోపుడు బండిలో కూర్చున్న రెండేళ్ల కొడుకు ఆ జిప్పు తెరిచాడు. పిస్టలు పేలింది. తల్లి అక్కడికక్కడే ప్రాణాలు వదిలింది. గమనించండి... రెండేళ్ల పసివాడి వేళ్లు!

ఇక భయం వేసినప్పుడు మన చేతులు మన మాట వినవు. చీకట్లో పిల్లి దూకితే చేతిలో గిన్నె జారిపోతుంది. ఒక చెయ్యి దేన్నయినా గట్టిగా పట్టుకుంటే రెండో చెయ్యి కూడా తెలియకుండానే బిగుసుకుంటుంది. అటువంటి సమయంలో మీట ఎంత మెత్తగా ఉంటే పొరపాటుకు అంత దగ్గరగా ఉన్నట్టు. అర్ధరాత్రి తలుపు చప్పుడైతే వచ్చింది దొంగే కానక్కర్లేదు, నైట్ డ్యూటీ ముగించుకుని ముందే వచ్చిన భర్త కావచ్చు. 2024 నవంబరులో అమెరికాలో చదువుకుంటున్న ఒక తెలుగు విద్యార్థి తన తుపాకి శుభ్రం చేసుకుంటుండగా అది పేలి చనిపోయాడు. ఆ కబురు విన్న తల్లిదండ్రుల గుండెకోత ఊహించగలమా?

చట్టం ఏమంటోంది?

ట్రిగ్గర్ మార్చాలా వద్దా అనేకన్నా ముందు ఒక ప్రశ్న వేసుకోవాలి. అసలు మన పిల్లలు అక్కడ పిస్టలు పెట్టుకోవచ్చా? అమెరికా కేంద్ర చట్టం ప్రకారం గ్రీన్ కార్డు లేకుండా ఎఫ్-1, హెచ్-1బి, హెచ్-4 వంటి వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకి కొనడం, దగ్గర పెట్టుకోవడం మామూలుగా నిషేధం. వేట లైసెన్సు వంటి కొద్ది మినహాయింపులు ఉన్నాయంతే. టెక్సస్ లో 2021 సెప్టెంబరు 1 నుంచి పర్మిటు లేకుండానే పిస్టలు వెంట తీసుకెళ్లవచ్చన్న మాట నిజమే. కానీ అది చట్టప్రకారం తుపాకి ఉంచుకునే అర్హత ఉన్నవాళ్లకే. స్నేహితురాలు కొన్నదని తానూ కొంటే, వీసా పోయి కేసు మెడకు చుట్టుకుంటుంది.

ఇక్కడైతే సంగతి వేరు. 2014 జనవరిలో కాన్పూరు ఆయుధ కర్మాగారం ఆడవాళ్ల కోసమంటూ 'నిర్భీక్' అనే చిన్న రివాల్వరు తెచ్చింది. పాయింట్ 32 బోరు, అరకిలో బరువు. ధర మాత్రం లక్షా ఇరవై వేలు పైమాటే! నగల పెట్టెలాంటి పెట్టెలో పెట్టి అమ్మారు. లక్ష పెట్టి రివాల్వరు కొనగలిగిన ఆడది ఆటో మాట్లాడుకోలేదా, ఆటోకే డబ్బుల్లేని కూలి తల్లి సంగతేమిటి అని ఎవరైనా అడిగారా? లైసెన్సు రావాలంటే 21 ఏళ్లు నిండాలి, పోలీసు విచారణ జరగాలి, 2016 నిబంధనల ప్రకారం శిక్షణ పొందినట్టు సర్టిఫికెట్ చూపాలి. 1959 ఆయుధాల చట్టం ప్రకారం తుపాకి రిపేరు కూడా లైసెన్సున్న వాళ్లే చేయాలి. వీధి చివర మెకానిక్ చేత స్ప్రింగు మార్పించుకుంటానంటే కుదరదు.

తుపాకి మనకు కొత్త కాదు

2019 నవంబరులో శంషాబాదు దగ్గర జరిగిన దిశ ఘోరం, ఒకప్పుడు మన మహబూబ్ నగర్ జిల్లాలోనే ఉన్న షాద్ నగర్ దగ్గర చటాన్ పల్లి వంతెన... ఆ తర్వాత ఆడపిల్లల చేతికి తుపాకులివ్వండన్న మాట ఊరూరా వినిపించింది. ఆ కోపం న్యాయమైనదే. అయితే తుపాకి పట్టిన ఆడవాళ్లు మన నల్గొండకు కొత్తేమీ కాదు. కరివిరాల కొత్తగూడెంలో పుట్టిన మల్లు స్వరాజ్యం సాయుధ పోరాటంలో తుపాకి పట్టింది. ఆమె తలకు పదివేల రూపాయల వెల కట్టారు. తర్వాత 1978లో, 1983లో తుంగతుర్తి నుంచి ఎమ్మెల్యేగా గెలిచింది. 2019లో వచ్చిన ఆమె ఆత్మకథ పేరు 'నా మాటే తుపాకి తూట'. తుపాకి చేతబట్టిన మనిషి కూడా చివరికి మాటనే తూటా అన్నది. అప్పటి ఆడవాళ్లు రోకళ్లు, కారం పొడి పట్టుకుని నిలబడ్డా, వాళ్లను కాపాడింది పక్కన నిలబడ్డ పదిమంది. ఒంటరి చేతిసంచిలో ఆ పదిమంది ఉండరు.

ఇంకో చేదు నిజం. అత్యాచారం కేసుల్లో నూటికి తొంభైకి పైగా నిందితులు బాధితురాలికి తెలిసినవాళ్లేనని మన దేశ నేర గణాంకాలు ఏటా చెబుతున్నాయి. బావో, పక్కింటాయనో, పనిచేసేచోట పెద్దసారో అయితే పిస్టలు తీసేదెప్పుడు? ఇంట్లో తుపాకి ఉంటే ఇంట్లోనే హత్య జరిగే ప్రమాదం 2.7 రెట్లు ఎక్కువని 1993లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్ లో వచ్చిన అధ్యయనం తేల్చింది. కొట్టే మొగుడున్న ఇంట్లో పిస్టలు ముందు ఎవరి చేతికి చిక్కుతుందో వేరే చెప్పాలా?

మరి బిడ్డకు ఏం చెప్పాలి?

చట్టం ఒప్పుకుని, అన్నీ ఆలోచించి, పెట్టుకోవాలనే తేల్చుకున్న అమ్మాయికి మనం చెప్పగలిగిన మాటలు కొన్ని ఉన్నాయి.

మీట గట్టిగా ఉందంటే ముందు మార్చాల్సింది మీటను కాదు, అలవాటును. మంచి శిక్షకురాలి దగ్గర డమ్మీ తూటాలతో సాధన చేస్తే నెల రెండు నెలల్లో అదే మీట లొంగుతుంది. అప్పటికీ వేలు అందకపోతే, చెయ్యి చాలకపోతే, చేతికి సరిపోయే వేరే పిస్టలు చూసుకోవాలి. చెప్పు కరిస్తే చెప్పు మారుస్తాం గానీ కాలి వేలు చెక్కించుకోం గదా! స్ప్రింగు అరిగితే కంపెనీ వస్తువే, తెలిసినవాళ్ల చేతే వేయించాలి. సామాను తెప్పించుకుని వీడియో చూస్తూ వంటింటి బల్ల మీద విప్పే పని అసలొద్దు. కంపెనీయే మార్చుకోమంటే మాత్రం ఆలస్యం చేయకూడదు. 2017లో సిగ్ సావర్ కంపెనీ పి-320 పిస్టలు కింద పడితే పేలే ప్రమాదం ఉందని ట్రిగ్గర్ భాగాలను ఉచితంగా మార్చింది. అది సోకు కాదు, రక్షణ.

ఇంకా ముఖ్యమైంది, పిస్టలు చేతిసంచిలో ఊరికే పడేయకూడదు. మీటను పూర్తిగా కప్పే గట్టి ఒరలో, ఒంటి మీదే ఉండాలి. ఇంటికి రాగానే తాళం పెట్టెలోకి పోవాలి. శుభ్రం చేసే ముందు మ్యాగజైను తీసి, లోపల తూటా లేదని కంటితో చూసి, వేలితో తడిమి, మళ్లీ చూడాలి. కాల్చాలని తేల్చుకునేదాకా వేలు మీట మీదికి పోనే పోకూడదు.

ఇక్కడున్న మన అమ్మాయిలకైతే 112 నంబరు, 181 హెల్ప్ లైను, షీ టీములు ఉన్నాయి. అవి చాలవని అందరికీ తెలుసు. దేవరకొండకో నాగర్ కర్నూలుకో రాత్రి చివరి బస్సు టైముకు రావాలని, బస్టాండు దగ్గర లైటు వెలగాలని, ఫిర్యాదు చేస్తే ఎస్సై ఎదురు ప్రశ్నలు వేయకూడదని అడగడం మన హక్కు. లక్ష రూపాయల రివాల్వరు కన్నా ఒక వీధిలైటు ఎక్కువమంది ఆడపిల్లల్ని ఇంటికి చేరుస్తుంది.

ధైర్యం వేలి చివర ఉండదు. మీటలో బిగువు తగ్గిస్తే భయం తగ్గదు, జాగ్రత్త తగ్గుతుంది. రేపు ఫోను వచ్చినప్పుడు "నాకేం తెలుసు బిడ్డా" అనకండి. "ట్రిగ్గర్ జోలికి పోకు, ముందు నేర్చుకో. అసలు అవసరమా కాదా ఇంకోసారి ఆలోచించు" అనండి. తుపాకి గురించి తెలియకపోయినా, పిల్లల క్షేమం గురించి తల్లికి తెలిసినంత ఇంకెవరికి తెలుసు?